దూడకు ఎవరు నేర్పారు?

(ఒంగోలులో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో జంతుశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు మనవాళ్ళు. ఈ సామెత తెలియనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. కానీ చేలో పడే ఆ గుణం దూడకు తల్లి రక్తంలోంచి వచ్చిందా, తల్లి వెనకాల తిరిగి నేర్చుకుందా? సామెత ఆ సంగతి చెప్పదు. చెప్పకుండా తప్పించుకుంది కాబట్టే ఇన్ని తరాలుగా బతికింది. మిగతావి అంత జాగ్రత్తపడలేదు. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అని ఒకటి. అదే నోటితో ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మరొకటి. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అని ఇంకొకటి. పక్కింటి పిల్లవాడు చెడిపోతే మొదటి సామెత వాడతాం. మన పిల్లవాడు చెడిపోతే మూడోది. అంతా సహవాస దోషమే! (నవ్వులు)

ఈ దూడ ప్రశ్నను లెక్కలతో తేల్చాలని మొదట పూనుకున్నవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. చార్లెస్ డార్విన్‌కు బంధువు. 1869లో ఒక పుస్తకం వేశాడు. పేరున్న న్యాయమూర్తులు, శాస్త్రవేత్తలు, కవుల వంశాలన్నీ తిరగేసి, గొప్పవాళ్ళ కడుపున గొప్పవాళ్ళే పుడుతున్నారు కాబట్టి ప్రతిభ వంశంలోనే ఉందని తేల్చాడు. న్యాయమూర్తి కొడుక్కి తండ్రి రక్తంతో పాటు తండ్రి ఇల్లు, పుస్తకాలు, పరిచయాలు కూడా దక్కుతాయన్న సంగతిని తేలిగ్గా తీసుకున్నాడు. ఆ తొందరపాటు అక్కడితో ఆగలేదు. మంచి వంశాలను పెంచాలి, చెడ్డ వంశాలను తుంచాలి అన్న వాదానికి 1883లో పేరు పెట్టిందీ ఆయనే. తర్వాత ఆ వాదం పేరుతో అమెరికాలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, 1933 నుంచి హిట్లర్ జర్మనీ దాన్నే చట్టం చేసింది. ఈ విషయం మాట్లాడేటప్పుడు నాలుక అదుపులో ఉంచుకోవాలనడానికి అదొక కారణం.

వంశంలో కనిపించినదల్లా జన్యువు కాదనడానికి విలాయతు దాకా వెళ్ళనక్కరలేదు. మన పొదిలి, దర్శి, కనిగిరి వైపు చూడండి. 1937లో మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు గురించి, వైద్య పత్రికలో మొదటి వివరమైన నివేదిక వచ్చింది ఈ ప్రాంతం నుంచే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, 1970లో కదా ఏర్పడింది. ఆ నివేదికలో ఇది మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా. ఇప్పుడు ఆ కాలపు పల్లెలో ఒక ఇంటిని ఊహించుకోండి. తాతకు వెన్ను వంగిపోయింది. తండ్రికి మెడ తిరగదు. కొడుక్కి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. మూడు తరాలు వరసగా! గాల్టన్ ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటే ఏమని రాసుకునేవాడు? వంశపారంపర్యం అనే రాసేవాడు. కారణం బావిలో ఉంది. రాతి పొరల నుంచి నీళ్ళలోకి దిగిన ఫ్లోరైడు.

దీన్ని తేల్చుకోవడానికి ఆ ఊళ్ళలోనే ఒక సాక్షి ఉంది: బయటి ఊరి నుంచి వచ్చిన కోడలు. పళ్ళ మీద పింగాణీ పొర చిన్నతనంలోనే తయారవుతుంది. అందుకని మంచినీళ్ళ ఊళ్ళో పెరిగి కాపురానికి వచ్చిన అమ్మాయి పళ్ళు తెల్లగానే ఉండిపోతాయి. అత్తవారింటి బావి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగాక ఆమెకూ కీళ్ళు పట్టేస్తాయి. ఆమెది ఆ వంశం రక్తం కాదు, అయినా రోగం వచ్చింది. అదే ఇంట్లో పుట్టినవాడు పసితనంలోనే మరో ఊరు వెళ్ళి పెరిగితే పళ్ళకు మచ్చలు రావు. రక్తాన్నీ నీళ్ళనూ విడదీసి చూడటం అంటే ఇదే. మనిషి స్వభావం మీద శాస్త్రవేత్తలు చేసిందంతా దాదాపు ఈ పనే. దూడను పుట్టగానే మరో మందలోకి తోలి, అది చేలో పడుతుందా గట్టున మేస్తుందా అని చూడటం.

మనిషి పిల్లలను అలా తోలలేం. కానీ దత్తత ఉంది. 1966లో అమెరికాలో లియొనార్డ్ హెస్టన్ అనే వైద్యుడు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న తల్లులకు పుట్టి, పుట్టిన మూడు రోజుల్లోపే వేరు చేసి వేరేచోట పెంచిన 47 మందిని, పెద్దవాళ్ళయ్యాక వెతికి పట్టుకున్నాడు. అయిదుగురికి ఆ జబ్బు వచ్చింది. అలాగే వేరుగా పెరిగిన, తల్లులకు ఆ జబ్బు లేని 50 మందిలో ఒక్కరికీ రాలేదు. తల్లి చేతిలో పెరగకపోయినా వచ్చింది, కాబట్టి ఇందులో పెంపకం నేరం లేదు. అయితే 47 మందిలో 42 మందికి రాలేదన్నది కూడా అదే కాగితం మీద ఉంది. జనం మొదటి సగమే చదువుతారు.

ఇక కవలలు. సమరూప కవలలు ఒకే పిండం రెండుగా చీలితే పుడతారు, ఇద్దరి జన్యువులూ ఒకటే. అసమరూప కవలలు ఒక కాన్పులో పుట్టిన మామూలు తోబుట్టువులు, సగటున సగం కలుస్తాయి. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరుగుతారు. మొదటి రకం జంటలు రెండో రకం కన్నా ఎంత ఎక్కువ ఒకలా ఉంటారో చూస్తే జన్యువుల వాటా అంచనాకు వస్తుంది. వీళ్ళకన్నా అరుదైనవాళ్ళు వేరువేరు ఇళ్ళలో పెరిగిన సమరూప కవలలు. 1979లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ ఇలాంటివాళ్ళను వెతకడం మొదలుపెట్టాడు. తొలి జంట ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. నాలుగు వారాల వయసులో విడిపోయి 39వ ఏట కలుసుకున్న ఇద్దరు జిమ్‌లు. ఇద్దరి మొదటి భార్య పేరూ లిండా, రెండో భార్య పేరూ బెట్టీ. చిన్నప్పుడు ఇద్దరూ పెంచిన కుక్క పేరు టాయ్. పత్రికలకు పండగే పండగ.

నాకు ఈ కథ మీద పెద్దగా గురి లేదు. లిండాను పెళ్ళాడే జన్యువంటూ ఏదీ ఉండదు. ఇక్కడ కందుకూరు సంతలో నిలబడి మాలకొండయ్యా అని పిలవండి, అయిదారుగురు తిరిగి చూస్తారు. నెల్లూరు వెళ్ళి పెంచలయ్యా అనండి, అంతే. వాళ్ళలో ఒకే వయసున్న ఇద్దరిని కూర్చోబెట్టి రోజంతా ప్రశ్నలు వేస్తే, పెళ్ళిచూపుల నుంచి పెద్దకొడుకు పేరు దాకా బోలెడన్ని కలుస్తాయి. వాళ్ళు కవలలా? ఒకే కాలం, ఒకే కొండ దేవుడు, అంతే. బుషార్డ్ బృందం చేసిన అసలు పని ఈ ముచ్చట్లు కావు, ఓపికగా చేసిన కొలతలు. 1990లో వాళ్ళు ప్రకటించిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళ తెలివితేటల పరీక్షల్లో కనిపించే తేడాల్లో దాదాపు 70 శాతానికి జన్యువుల తేడాలే కారణం.

2015లో ఇంతకన్నా పెద్ద లెక్క ఒకటి వచ్చింది. అయిదు దశాబ్దాల కవల పరిశోధనలన్నిటినీ, 2,748 పత్రాలను, ఒకచోట చేర్చారు. 17,804 లక్షణాలు, 1 కోటి 45 లక్షల కవల జంటలు. మొత్తం సగటు తీస్తే జన్యువుల వాటా 49 శాతం.

ఈ అంకె వినగానే చాలామంది ‘సగం పుట్టుక, సగం పెంపకం’ అని రాసుకుని ఇంటికి వెళ్ళిపోతారు. మీరు కొంచెంసేపు కూర్చోండి. నేను ఇవాళ వచ్చిందే ఈ అంకె గురించి చెప్పడానికి. ఇది మీ అబ్బాయికి సంబంధించిన అంకె కాదు. మీ అబ్బాయి కోపంలో 49 శాతం తాతది, మిగతాది బడిది అని దీని అర్థం కాదు. ఒక జనసమూహంలో, ఒక కాలంలో, మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాతో ముడిపడి ఉందో చెబుతుంది, అంతవరకే. ఆ సమూహం మారితే, ఆ కాలం మారితే అంకె కూడా మారుతుంది.

రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త 1970లో దీన్ని విత్తనాలతో వివరించాడు. ఆయన చెప్పింది మన వడ్లతో చెబుతాను, మీకు బాగా అందుతుంది. రకరకాల వరి విత్తనాలు కలగలిసిన బస్తా ఒకటి తీసుకుని రెండు వాటాలు వేయండి. ఒక వాటాను పెన్నా ఆయకట్టులో నల్లరేగడిలో, నీళ్ళూ ఎరువూ అంతటా సమానంగా అందేలా నాటండి. రెండో వాటాను చౌడు చెక్కలో, నీళ్ళు అంతటా ఒకేలా తక్కువగా అందేలా నాటండి. మొదటి చేలో ఒక దుబ్బు పొడుగ్గా, ఇంకొకటి పొట్టిగా ఉంటే తేడా అంతా విత్తనానిదే, ఎందుకంటే మిగతావన్నీ సమానం. రెండో చేలోనూ అంతే. రెండు చేలలోనూ జన్యువుల వాటా నూటికి నూరు! కానీ మొదటి చేను మొత్తం రెండో చేనుకన్నా మూరెడు ఎత్తు ఉంది, ఆ తేడాలో విత్తనం వాటా సున్నా. ఒకే బస్తా కదా. చేను లోపలి తేడాను చూసి చేనుకూ చేనుకూ మధ్య తేడాకు కారణం చెప్పే పెద్దమనుషులున్నారే, ఈ కులంవాళ్ళు చదువుతారు, ఆ పేటవాళ్ళు చదవలేరు అనేవాళ్ళు, వాళ్ళు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

మరో విచిత్రం చూడండి. పరిసరాలను ఎంత సమానం చేస్తే జన్యువుల వాటా అంత పెరుగుతుంది. అందరికీ ఒకే బడి, ఒకే తిండి, ఒకే వైద్యం దొరికితే, మిగిలే తేడా విత్తనానిదే కదా. జన్యువుల వాటా ఎక్కువగా కనిపించిందని సామ్యవాదులు బాధపడనవసరం లేదు, సంబరపడవచ్చు. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం అమెరికాలో ఏడేళ్ళ కవల పిల్లల తెలివితేటలను పరిశీలించింది. కలిగిన ఇళ్ళలో తేడాలకు ముఖ్య కారణం జన్యువులు. బాగా పేద ఇళ్ళలో జన్యువుల వాటా దాదాపు సున్నా, ఇంటి పరిస్థితుల వాటా 60 శాతం. పేదరికం విత్తనాన్ని బయటపడనివ్వలేదన్నమాట. తర్వాత చేసిన పరిశోధనల్లో ఈ ధోరణి అమెరికాలో మళ్ళీ కనిపించింది, పశ్చిమ ఐరోపాలో, ఆస్ట్రేలియాలో కనిపించలేదు. పేదలకు ఆసరా ఉన్న దేశాలు కాబట్టి కనిపించలేదని కొందరి వాదన. నాకు అది సబబుగానే తోస్తుంది.

ఇక మన దగ్గరి కథకు వస్తాను. తాగుడు. ‘వాళ్ళ నాన్న తాగుబోతు, వీడూ అంతే అవుతాడు’ అనే మాట వినని వీధి లేదు. ఇందులో కొంత నిజం ఉంది. 1973లో డెన్మార్క్‌లో డొనాల్డ్ గుడ్విన్ బృందం పసితనంలోనే దత్తత వెళ్ళిన మగపిల్లలను పరిశీలించింది. తాగుడు వ్యసనమున్న తల్లికో తండ్రికో పుట్టి, వాళ్ళకు దూరంగా పెరిగిన కొడుకుల్లో 18 శాతం మందికి వ్యసనం వచ్చింది. మిగతా దత్తపుత్రుల్లో 5 శాతం మందికి. అంటే మూడున్నర రెట్లు. కాబట్టి రక్తానికి సంబంధం లేదని నేను అనను.

కానీ నెల్లూరు జిల్లాలో కలిగిరి దగ్గర దూబగుంట అని ఒక ఊరుంది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు, తమ ఊరి సారా కొట్టును మూయించారు. ఆ కథ చదువుల పుస్తకంలో పాఠమై మిగతా ఊళ్ళకు పాకింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. ఈ సభలో ఉన్న పెద్దవాళ్ళలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. నా ప్రశ్న ఒక్కటే. కొట్టు మూసిన రోజు దూబగుంట మగవాళ్ళ జన్యువులు మారాయా? ఒక్క అక్షరం మారలేదు. వ్యసనానికి లొంగే జన్యువు ఒంట్లో ఉన్నవాడికి ఇంటి ముందు పొట్లాం దొరకడం వేరు, దొరక్కపోవడం వేరు. ఫిన్లాండులో కవలల మీద చేసిన పనిలో కూడా ఇదే తేలింది: పట్నాల్లో పెరిగే కుర్రవాళ్ళ తాగుడులో జన్యువుల వాటా ఎక్కువ, పల్లెల్లో తక్కువ. పల్లెలో పదిమంది కళ్ళుంటాయి. నిషేధంలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. దొంగసారా కాచారు, పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు, 1997లో నిషేధాన్ని సడలించారు. అది వేరే ఉపన్యాసం, రాజకీయ నాయకుడు ఎవరైనా ఇస్తే నేనూ వచ్చి వింటాను. (నవ్వులు)

తల్లిదండ్రులు ఎక్కువగా వచ్చారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ‘మీ పిల్లవాడి వేలిముద్రలు ఇవ్వండి, ఇంజనీరవుతాడో డాక్టరవుతాడో చెబుతాం’ అంటూ వేలకు వేలు తీసుకునేవాళ్ళు తిరుగుతున్నారు. వేలి గీతలు కడుపులో ఉండగానే, మూడో నెల నుంచి అయిదో నెలలోపు ఏర్పడతాయి. జన్యువులన్నీ ఒకటే అయిన సమరూప కవలలకు కూడా వేలిముద్రలు కలవవు. వేలిగీతలో బుద్ధి కనిపిస్తుందనడానికి ఏ శాస్త్రీయ ఆధారమూ లేదు. ఆ డబ్బుతో పిల్లవాడికి కళ్ళ పరీక్ష చేయించండి. బోర్డు కనిపించక వెనకబడే పిల్లలను నేను చాలామందిని చూశాను.

మరి నిజమైన జన్యు పరీక్షలు? కోపానికో జన్యువు, దిగులుకో జన్యువు దొరికిందని ఇరవై ఏళ్ళ కిందట పత్రికల నిండా వచ్చేవి. 2019లో ఇలా దిగులు జన్యువులుగా పేరుపడ్డ పద్దెనిమిదింటిని లక్షల మంది సమాచారంతో తనిఖీ చేస్తే, కళ్ళు మూసుకుని ఏరిన జన్యువులకన్నా అవి ఏమాత్రం మెరుగ్గా లేవని తేలింది. 2018లో 11 లక్షల మందిని పరిశీలించి, ఎన్నేళ్ళు చదివారన్న దానితో ముడిపడిన జన్యు తేడాలు 1,271 చోట్ల ఉన్నాయని గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం చదువులో కొన్ని వారాల తేడా. లక్షలాది తేడాలను గుదిగుచ్చి మార్కు వేసినా చదువు తేడాల్లో 11 నుంచి 13 శాతమే దానికి అందింది. అదీ ఐరోపా సంతతి జనంలో. మన జనానికి ఆ మార్కు ఇంకా తక్కువ పనికొస్తుంది.

చివరగా తల్లుల గురించి. మన ఇళ్ళలో పిల్లవాడిలో ఏ లోపం కనిపించినా ‘తల్లి పెంపకం’ అంటారు. గొప్ప గొప్ప వైద్యులు కూడా ఇదే అన్నారు. పిల్లలు మాటలోనూ నలుగురితో కలవడంలోనూ వెనకబడే ఆటిజం అనే స్థితిని 1943లో వర్ణించిన లియో కానర్, కొన్నేళ్ళకు ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత కరువని రాశాడు. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఆ నిందను ఇంకా పెంచాడు. ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అనే పేరు స్థిరపడిపోయింది. అసలే బిడ్డ మాట్లాడడం లేదని ఏడ్చే తల్లి, నీ మనసు మంచుగడ్డ అని డాక్టరే చెబితే ఏమైపోవాలి? 1977లో బ్రిటన్‌లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 కవల జంటలను పరిశీలించారు. 11 సమరూప జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. 10 అసమరూప జంటల్లో ఒక్కదాంట్లోనూ అలా ఇద్దరికీ లేదు. చిన్న పరిశోధనే, కానీ దారి మళ్ళించింది. తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనలు జన్యువుల పాత్ర చాలా ఎక్కువని తేల్చాయి. తల్లుల మీద వేసిన నింద పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మన వీధుల్లో ఇంకా పోలేదు.

ఇక్కడ మేనరికం మాట దాటవేయలేను. మేనత్త, మేనమామ బిడ్డలు పెళ్ళాడితే ఇద్దరికీ జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. అక్క కూతురిని చేసుకుంటే నాలుగో వంతు. పుట్టే బిడ్డకు ఒకే లోపపు జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. కొన్ని రకాల బుద్ధిమాంద్యం, చెవుడు ఇలా వస్తాయి. బావామరదళ్ళ పిల్లల్లో ఇలాంటి తీవ్ర లోపాల ప్రమాదం మామూలు జనం కన్నా రెండు మూడు శాతం ఎక్కువ. అంటే చాలామంది పిల్లలు బాగానే పుడతారు. కానీ ఇది జన్యువా, పరిసరమా? జన్యువే. ఆ రెండు జన్యువులను ఒకచోట చేర్చింది మాత్రం పొలం పంచుకోవడం ఇష్టంలేని పెద్దలు. సంబంధం కుదిర్చినప్పుడు తాంబూలాలు పుచ్చుకున్నవాళ్ళు, బిడ్డకు మాట రాకపోతే కోడలి వైపు చూస్తారు.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు ఉంటే అడగండి.

ఒక తల్లి: అయ్యా, మా పెద్దవాడు చెప్పకుండానే చదువుకుంటాడు. చిన్నవాడు పుస్తకం ముట్టడు. ఒకే ఇల్లు, ఒకే తిండి. ఎందుకలా?

వక్త: ఒకే ఇల్లు అని మీరు అనుకుంటున్నారమ్మా. వాళ్ళకు జన్యువులు సగటున సగమే కలుస్తాయి, అది మొదటిది. రెండోది, పెద్దవాడు పుట్టినప్పటి ఇంట్లో ఒక్కడే పిల్లవాడు. చిన్నవాడు పుట్టిన ఇంట్లో అప్పటికే చదివే అన్న ఒకడున్నాడు. స్నేహితులు వేరు, టీచర్లు వేరు, పడిన జబ్బులు వేరు. తోబుట్టువుల మధ్య తేడాలకు ఉమ్మడి ఇంటికన్నా ఇలా విడివిడిగా ఎదురైనవే ఎక్కువ కారణమని కవల పరిశోధనలు చెబుతున్నాయి. పైగా చదివేవాడిని మీరు మెచ్చుకుంటారు, చదవనివాడిని కోప్పడతారు. అంటే వాళ్ళ స్వభావాలే వాళ్ళకు రెండు రకాల అమ్మలను తయారుచేశాయి. చిన్నవాడికి ఏమంటే ఇష్టం?

తల్లి: మోటార్లు విప్పుతాడండి. ఇంట్లో ఒక్క ఫ్యాను సరిగా లేదు.

వక్త: విప్పినవి తిరిగి బిగిస్తున్నాడా? (నవ్వులు) బిగిస్తుంటే ఆ దారిలో పుస్తకాలున్నాయి, వాటిని వాడి చేతికివ్వండి.

వెనక వరసలో ఒకరు: సార్, మా నాన్న తాగుడుతోనే పోయారు. నేను ముట్టను. నా కొడుక్కి ఈ సంగతి చెప్పాలా, దాచాలా?

వక్త: చెప్పండి. ఇంట్లో చక్కెర వ్యాధి ఉంటే పిల్లలకు ఎలా చెబుతామో అలాగే చెప్పండి, సిగ్గుపడకుండా. మామూలువాళ్ళకన్నా నీకు ప్రమాదం ఎక్కువ, అయినా తప్పనిసరిగా వస్తుందని కాదు, రాకపోవడానికే ఎక్కువ అవకాశం అని చెప్పండి. తొలి గ్లాసు ఎంత చిన్న వయసులో పట్టుకుంటే తర్వాత వ్యసనం అంత ఎక్కువగా కనిపిస్తోంది. అందుకని పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో చుట్టాలు సరదాకని గ్లాసు చేతికిచ్చే వయసుకన్నా ముందే వాడికి ఈ మాట తెలియాలి. అబ్బాయి వయసెంత?

ప్రశ్నించినవారు: పద్నాలుగు నిండాయి.

వక్త: అయితే ఈ వారమే చెప్పండి.